తప్పు కాసే డ్రైవర్

గోల్ఫ్ సంచీలో అన్నిటికన్నా ఖరీదైన క్లబ్ డ్రైవరే, అన్నిటికన్నా మాట వినని క్లబ్బూ అదే. కొట్టింది వంకరైనా బంతి తిన్నగా వెళ్తుందని కొత్త డ్రైవర్ల ప్రకటనలు ఊరిస్తున్నాయి. అందులో నిజమెంత? కొనేవాళ్లు చూడాల్సిందేమిటి?

2025 మే నెల. అమెరికాలోని షార్లెట్ నగరం, క్వెయిల్ హాలో కోర్సు. పీజీఏ చాంపియన్‌షిప్‌కు ముందు నిర్వాహకులు కొందరు ఆటగాళ్ల డ్రైవర్లను పరీక్షకు పంపారు. అంతకు నెల కిందటే మాస్టర్స్ గెలిచి ఊపు మీదున్న రోరీ మెకిల్‌రాయ్ డ్రైవర్ ఆ పరీక్షలో తప్పింది. ప్రపంచ నంబర్ వన్ స్కాటీ షెఫ్లర్ డ్రైవర్‌దీ అదే గతి. ఇద్దరూ వేరే క్లబ్బులతో బరిలోకి దిగారు. ఐదు స్ట్రోకుల తేడాతో టైటిల్ ఎగరేసుకుపోయిన షెఫ్లర్, తన డ్రైవర్ కూడా పరీక్షలో తప్పిందని ఆ తర్వాత బహిరంగంగానే చెప్పాడు.

ఇందులో మోసమేమీ లేదు. వేల బంతులు కొట్టగా కొట్టగా డ్రైవర్ ముందు వైపు ఉండే పలుచటి టైటానియం రేకు మెత్తబడి, నిబంధనలు ఒప్పుకునే దానికన్నా ఓ పిసరు ఎక్కువ స్ప్రింగులా పనిచేయడం మొదలుపెడుతుంది. దాన్ని కొలిచే పద్ధతి చిత్రంగా ఉంటుంది. లోలకానికి తగిలించిన చిన్న ఉక్కు గుండును క్లబ్ ముఖానికి తాకిస్తారు. గుండు ముఖాన్ని ఎంతసేపు అంటిపెట్టుకుని ఉందో చూస్తారు. పరిమితి 239 మైక్రోసెకన్లు. కొలతలో తేడాలకు మినహాయింపుగా మరో 18. అంటే 257 దాటితే ఆ డ్రైవర్ టోర్నమెంట్‌కు పనికిరాదు.

రోజూ వందల బంతులు బాదే చాంపియన్ల తంటా ఇది. వారాంతంలో ఓ పూట ఆడే ఉద్యోగికి దీంతో పనేముంది అనిపించవచ్చు. ఉంది. ఈ చిన్న ఉక్కు గుండే డ్రైవర్ల వ్యాపారాన్ని మలుపు తిప్పింది. బంతిని ఇంకా దూరం విసిరే స్ప్రింగుకు నిబంధనలు తాళం వేశాక, తయారీదారులకు మిగిలిన పెద్ద మైదానం ఒక్కటే. మధ్యలో తగలని దెబ్బను కూడా దాదాపు మధ్యలో తగిలినట్టే పంపించడం. ఇరవై ఏళ్లుగా పోటీ అంతా దాని మీదే. గోల్ఫర్లు ఫర్గివింగ్ అనేది అలాంటి క్లబ్బునే. దెబ్బ పక్కకు తగిలినా పోనీలే అని తప్పు కాసే డ్రైవర్ అన్నమాట.

తునికి చుట్టం నుంచి టైటానియం దాకా

ఓ యాభై ఏళ్ల కిందట డ్రైవర్ తల కొయ్యతోనే ఉండేది. కొయ్యల్లో పేరున్నది పర్సిమన్. అదేదో మనకు తెలియని చెట్టు అనుకోనక్కర్లేదు. ఆదిలాబాద్, ఖమ్మం అడవుల్లో బీడీల కోసం ఆకు కోసే తునికి చెట్టుకు అది దగ్గరి చుట్టం. వృక్షశాస్త్రంలో రెండూ డయోస్‌పైరోస్ ప్రజాతివే. గట్టిదనానికి పెట్టింది పేరైన ఆ కొయ్యను చెక్కి, పాలిష్ పెట్టి, ముఖంలో చిన్న పలక బిగించి అమ్మేవారు. చూడముచ్చటగా ఉండేది. మధ్యలో తగిలితే ఆ చప్పుడే వేరని పాతతరం ఇప్పటికీ మురిసిపోతుంది. మధ్యలో తగలకపోతే మాత్రం బంతి ఎటు పోతుందో చెప్పలేం. తల చిన్నది, బరువంతా మధ్యలోనే పోగుపడి ఉండేది. అంచున తగిలిందంటే క్లబ్ చేతిలో గిర్రున తిరిగిపోయేది.

1979లో గ్యారీ ఆడమ్స్ అనే అమెరికన్ టేలర్‌మేడ్ కంపెనీ పెట్టి స్టీలు తల డ్రైవర్‌ను బజారులోకి తెచ్చాడు. ఉక్కుకు పేరున్న పిట్స్‌బర్గ్ ఊరి పేరు కలిపి దానికి ‘పిట్స్‌బర్గ్ పర్సిమన్’ అని సరదా పేరు వచ్చింది. నవ్విన నాప చేనే పండుతుందంటారు కదా, మూడేళ్లు తిరక్కుండా 1982లో జిమ్ సైమన్స్ స్టీలు డ్రైవర్‌తోనే పీజీఏ టూర్ టోర్నమెంట్ గెలిచాడు.

స్టీలు తెచ్చిన అసలు మార్పు గట్టిదనం కాదు, డొల్లతనం. కొయ్య తల లోపలంతా నిండుగా ఉండాలి. లోహమైతే లోపల ఖాళీ వదిలేసి, బరువునంతా గోడల్లోకి, అంచుల్లోకి నెట్టేయవచ్చు. కావడి మోసేవాణ్ని గుర్తు తెచ్చుకోండి. రెండు కుండలూ భుజం దగ్గరకు జరిపి కట్టుకుంటే కావడి ఇట్టే గింగిరాలు తిరుగుతుంది. అవే కుండలు బద్ద చివర్లకు కడితే తిప్పడం కష్టం. బరువు మారలేదు, అది ఉన్న చోటు మారిందంతే. ఇంటర్ భౌతికశాస్త్రంలో దీన్నే జడత్వ భ్రామకం అని చదువుకున్నాం. గోల్ఫ్ దుకాణాల్లో వినిపించే మాట ఎంఓఐ. అది ఎంత ఎక్కువుంటే, దెబ్బ పక్కకు తగిలినప్పుడు తల అంత తక్కువగా మెలి తిరుగుతుంది.

నిజానికి ఈ కిటుకు మొదట డ్రైవర్‌లో పుట్టలేదు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజినీరు జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగం చేసేవాడు. తన పటింగ్ ఎంతకీ కుదరక 1959లో సొంతంగా ఒక పటర్ తయారు చేసుకున్నాడు. బరువును దాని రెండు చివర్లకూ జరిపాడు. బంతికి తగిలినప్పుడు అది చేసిన శబ్దమే కంపెనీ పేరైంది. అదే పింగ్. ఆ తర్వాత ఐరన్లకూ, ఎన్నో ఏళ్లకు డ్రైవర్లకూ అదే సూత్రం ఎక్కింది.

డ్రైవర్ల రూపాన్ని జనం కళ్ల ముందే మార్చేసిన ఘనత ఎలీ కాలవేది. బట్టల వ్యాపారం చూశాడు, ద్రాక్ష తోటలు వేసి వైన్ చేశాడు, అరవై దాటాక గోల్ఫ్ క్లబ్బుల మీద పడ్డాడు. 1991లో ఆయన కంపెనీ వదిలిన స్టీలు డ్రైవర్ పేరు ‘బిగ్ బెర్తా’. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన భారీ ఫిరంగి పేరది. దాని తల 190 ఘన సెంటీమీటర్లు. అప్పట్లో అదే భీకరం. 1995లో టైటానియంతో దానికి అక్క వచ్చింది. స్టీలు కన్నా తేలికై, బలంలో తీసిపోని ఆ లోహంతో తలను ఇంకా ఉబ్బించవచ్చు, బరువు పెరగదు. మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని రాకెట్ల కోసం తయారు చేసే టైటానియం మిశ్రమాల కోవలోదే ఇదీను. పదేళ్లు తిరిగేసరికి తల రెట్టింపును మించి పెరిగింది.

ఆట నిబంధనలు చూసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు అక్కడ పగ్గాలు బిగించాయి. అంతకు ముందే 2000లో కాలవే తెచ్చిన ‘ఈఆర్‌సీ 2’ స్ప్రింగు గుణం హద్దు మీరిందని యూఎస్‌జీఏ కాదంది. సరదాకి ఆడుకునేవాళ్లు వాడితే తప్పేంటని దిగ్గజం ఆర్నాల్డ్ పామర్ ఆ క్లబ్బును వెనకేసుకొచ్చి విమర్శలపాలయ్యాడు. అలా మొత్తం మూడు కంచెలు పడ్డాయి. స్ప్రింగు గుణానికి ఒకటి. తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదని ఒకటి. నిలువు ఇరుసు చుట్టూ ఎంఓఐ 5900 దాటకూడదని మూడోది. దీన్ని గ్రాము, చదరపు సెంటీమీటర్ల లెక్కలో కొలుస్తారు. మినహాయింపు 100 కలుపుకుంటే 6000.

2007లో ఆ మూడో కంచె దాకా పరిగెత్తే ప్రయత్నంలో నైకీ, కాలవే చతురస్రాకారపు డ్రైవర్లు దించాయి. మూలల్లోకి బరువు నెడితే ఎంఓఐ పెరుగుతుంది, లెక్క సరైనదే. నైకీ ‘సుమో స్క్వేర్డ్’ ఎంఓఐ 5300. కొరియా ఆటగాడు కె.జె. చోయ్ దాంతో ఆ ఏడాది పీజీఏ టూర్‌లో గెలిచాడు కూడా. అయితే అది కొట్టినప్పుడు వచ్చే మోతకు పక్క హోల్‌లో ఆడేవాళ్లు కూడా తలతిప్పి చూసేవారు. పైగా కొన్ని తలలు స్ప్రింగు పరిమితి దాటాయని తేలి కంపెనీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. చతురస్రాలు కనుమరుగయ్యాయి. వాటి లెక్క మాత్రం గుండ్రటి తలల్లోకి దూరిపోయింది. కార్బన్ ఫైబర్ మూత పెట్టి పైభాగంలో బరువు తగ్గించి, మిగిల్చిన గ్రాములను టంగ్‌స్టన్ రూపంలో తల వెనక కొసకు బిగించడం ఇవాళ అందరూ చేసే పని.

అర మిల్లీసెకను కథ

బంతి, డ్రైవర్ ఒకదాన్నొకటి తాకి ఉండేది సెకనులో రెండు వేలవ వంతు కాలం. ఈలోపు జరిగేది తెలిస్తే దుకాణదారు మాటల్లో ఏది నమ్మాలో తెలుస్తుంది.

డ్రైవర్ తల సుమారు 200 గ్రాములు. బంతి 46 గ్రాములకు మించదు. ఓ మోస్తరు ఆటగాడు కొట్టినా ఆ అర మిల్లీసెకను పాటు ముఖం మీద సగటున ఐదారు వందల కిలోల బరువు మోపినంత బలం పడుతుంది. అది సరిగ్గా తల గరిమనాభికి ఎదురుగా పడితే ఏ గొడవా లేదు. ఒకటిన్నర సెంటీమీటర్లు బయటి అంచు వైపు, అంటే టో వైపు తగిలిందనుకుందాం. తల వెనక్కి మెలి తిరుగుతుంది. కుడిచేతి వాటం ఆటగాడికైతే ముఖం కుడికి తెరుచుకుంటుంది. చేతులతో గట్టిగా పట్టుకుని ఆపుదామంటే కుదరదు. షాఫ్ట్, అంటే క్లబ్ కర్ర ద్వారా ఆ కబురు చేతికి అందేలోపు బంతి వెళ్లిపోయి ఉంటుంది. ఆపగలిగేది ఎంఓఐ ఒక్కటే. అది రెట్టింపైతే మెలిక సగానికి పడిపోతుంది. తల తక్కువ తిరిగితే బంతికి అందే వేగం కూడా తక్కువ నష్టపోతుంది. అందుకే అంచున తగిలిన బంతి కొత్త డ్రైవర్‌తో అయితే పది, పదిహేను గజాలు మాత్రమే వెనకబడి, పాత డ్రైవర్‌తో అయితే పొదల్లో తేలుతుంది.

ఇక్కడో విచిత్రం ఉంది. డ్రైవర్ ముఖానికి అడ్డంగా ఒక స్కేలు ఆనించి చూడండి. మధ్యలో ఆనుతుంది, రెండు పక్కలా వెలుతురు కనిపిస్తుంది. ముఖం బల్లపరుపు కాదు, కొంచెం ఉబ్బుగా ఉంటుంది. టో మీద తగిలినప్పుడు తల కుడికి మెలి తిరిగితే, పళ్లచక్రాల్లో ఒకటి తిరిగితే రెండోది ఎదురు తిరిగినట్టు బంతికి ఎడమ వైపు వంగే స్పిన్ పడుతుంది. ఆ స్పిన్‌కు విరుగుడే ఈ ఉబ్బు. దాని వల్ల బంతి ముందు కుడికి బయలుదేరి, తర్వాత ఎడమకు వంగి దారిలోకి వస్తుంది. కొయ్య కాలం నుంచీ తయారీదారులకు ఈ సంగతి తెలుసు. షాఫ్ట్ దగ్గరి హీల్ వైపు తగిలితే అంతా తలకిందులు. బంతి ఎడమకు బయలుదేరి కుడికి వంగుతుంది.

పదివేల లెక్క

2024 మొదట్లో పింగ్ ‘జీ430 మ్యాక్స్ 10కె’, టేలర్‌మేడ్ ‘క్యూఐ10 మ్యాక్స్’ ఒకేసారి బజారులోకి వచ్చాయి. రెండింటి ప్రచారమూ ఒకటే. ఎంఓఐ పదివేలు! చట్టం 6000 దగ్గర ఆపమంటుంటే పదివేలు ఎక్కణ్నుంచి వచ్చాయి?

రెండు అంకెలు కలిపితే వచ్చాయి. తల పక్కలకు మెలి తిరగకుండా ఆపేది ఒక ఎంఓఐ. పైకీ కిందకీ ఊగకుండా ఆపేది ఇంకొకటి. మొదటిదానికే పరిమితి ఉంది. రెండోదానికి లేదు. రెండూ కలిపి పదివేలు. ఇందులో మోసం లేదు, రెండోదీ పనికొచ్చేదే. బంతి ముఖం మీద మరీ కిందో మరీ పైనో తగిలినప్పుడు ఎత్తు, స్పిన్, దూరం చెదిరిపోకుండా చూసేది అదే. కానీ కొనేవాడు దుకాణానికి వచ్చింది బంతి తిన్నగా పోవాలని. ఆ పని చేసే సగం ఎప్పుడో 2010 దశకం నాటికే కంచె దగ్గరికి చేరిపోయింది. కాబట్టి నాలుగైదేళ్ల నాటి మంచి మ్యాక్స్ రకం, అంటే ఎంఓఐ ఎక్కువుండే డ్రైవర్‌కూ నిన్న మొన్నటి దానికీ, తిన్నదనం విషయంలో, ప్రకటనలు చెప్పేంత దూరం లేదు. కొత్తది అమెరికాలో దాదాపు 600 డాలర్లు, మన దగ్గర అర లక్ష పైమాటే అన్నప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

కాయని తప్పు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దుకాణాల్లో ఎవరూ గట్టిగా చెప్పనిది ఇది. ఈ డ్రైవర్లు కాసేది బంతి తగిలిన చోటుకు సంబంధించిన తప్పునే. తగిలే క్షణంలో ముఖం ఎటు చూస్తోందన్న తప్పును ఏ ఎంఓఐ కాయదు.

డ్రైవర్‌తో కొట్టిన బంతి ఏ దిక్కుకు బయలుదేరుతుందన్నది ముప్పాతిక వంతుకు పైగా ముఖం దిక్కే నిర్ణయిస్తుందని రాడార్ కొలతలు వచ్చాక స్పష్టమైంది. ఒక్క డిగ్రీ తేడా 200 గజాల దూరంలో మూడున్నర గజాలవుతుంది. నాలుగు డిగ్రీలంటే పద్నాలుగు గజాలు. ఫెయిర్‌వే వెడల్పు ముప్పై గజాలనుకుంటే, మధ్యకు గురిపెట్టినవాడి బంతి అప్పటికే అంచు మీద ఉంది. వంపు ఇంకా కలవలేదు. ముఖం ఒక దిక్కు, క్లబ్ ప్రయాణం ఇంకో దిక్కు అయినప్పుడు బంతి తిరిగే ఇరుసు పక్కకు వాలి, బంతి గాల్లో వంగుతుంది. కుడిచేతి వాటం ఆటగాళ్లలో ఎక్కువమందిని వేధించే స్లైస్ ఇదే. క్లబ్ బయటి నుంచి లోపలికి కోస్తుంది, ముఖం తెరుచుకుని ఉంటుంది, బంతి కుడికి కుడికి కొట్టుకుపోతుంది. ముఖం నడిమధ్యన తగిలినా సరే.

మహామహులకే ఇది తప్పదు. పీజీఏ టూర్ ఆటగాళ్లు కూడా డ్రైవ్‌లలో ఫెయిర్‌వే మీద నిలిపేది సగటున 60 శాతం చిల్లర. మన సాహిత్ తీగలనే చూడండి. హైదరాబాద్ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు దంపతుల కొడుకు, పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో చదువుతూ 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్ పెద్ద అవార్డులన్నీ ఊడ్చేశాడు. టూర్‌లోకి వచ్చిన కొత్తలో అతని బలహీనత డ్రైవరే. బంతి ఎటు పోయినా అక్కణ్నుంచి గ్రీన్ మీదకు తేగల చేతివాటమే అతన్ని నిలబెట్టింది. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ ఆఖరి రోజు, టైటిల్ రేసులో ఉండి 17వ హోల్‌లో కొట్టిన డ్రైవ్ గ్రీన్ ముందు పడి, ఎడమకు దూకి నీళ్లలోకి జారింది. ఒక్క స్ట్రోకుతో ప్లేఆఫ్ చేజారింది. తల్లిదండ్రుల భుజాల మీద వాలి ఏడ్చిన ఆ కుర్రాణ్ని చూసి తెలుగు ఇళ్లలోనూ చాలామంది అయ్యో అనుకున్నారు. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి లోటు తీర్చుకున్నాడు. అతను ఆడేది పింగ్ క్లబ్బులతో. అంటే తప్పు కాసే సూత్రానికి పుట్టిల్లయిన కంపెనీ క్లబ్బులతో. అయినా ఆ నేల మీద బంతి దూకిన దిక్కును ఎవరు మార్చగలరు?

ఇంకో కోణం బ్రైసన్ డిషాంబో చూపించాడు. భౌతికశాస్త్రం చదువుకున్నవాడు, అపారమైన వేగంతో కొడతాడు. తన వేగానికి మామూలు డ్రైవర్ ముఖం ఉబ్బు సరిపోవడం లేదని, లాంగ్ డ్రైవ్ పోటీల వాళ్లు వాడే క్రాంక్ అనే చిన్న కంపెనీ డ్రైవర్‌ను ఎంచుకున్నాడు. దాని ముఖం మరింత వంపు తిరిగి ఉంటుంది. 2023లో దాంతోనే లివ్ టోర్నమెంట్‌లో ఒక రౌండ్‌ను 58 స్ట్రోకుల్లో ముగించాడు, 2024లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. పెట్టె మీద పెద్ద అంకె ఉన్నదే అందరికీ నప్పుతుందన్న మాట ఇక్కడే తేలిపోతుంది. డిషాంబో వేగం లేనివాళ్లు అతని దారి పట్టమని కాదు. మన దెబ్బకు తగిన క్లబ్ ఏదో చూసుకోవాలని.

మరి ఏది కొనాలి?

మొదట చూడాల్సింది లాఫ్ట్, అంటే ముఖం వాలు. మగ ఆటగాళ్లకు 9 డిగ్రీల మీద ఎక్కడలేని మోజు. 12 అంటే ఏదో చిన్నతనం. ఈ బిడియం వల్ల పోయినన్ని బంతులు ఇంక దేనివల్లా పోవు. లెక్క చూడండి. ముఖానికీ క్లబ్ దారికీ మధ్య 4 డిగ్రీల తేడా ఉందనుకుందాం. తగిలే క్షణంలో నిలువు కోణం 10 డిగ్రీలైతే బంతి ఇరుసు దాదాపు 22 డిగ్రీలు వాలుతుంది. అదే కోణం 14 అయితే వాలు 16కు తగ్గుతుంది. స్వింగ్ అదే, తప్పు అదే, వంపు మాత్రం తగ్గింది. సంచీలో ఉన్న ఐరన్లు డ్రైవర్ కన్నా తిన్నగా వెళ్లడానికి ఒక కారణం ఇదే. కాబట్టి స్లైస్ ఉన్నవాళ్లు 10.5కు దిగువన చూడనే వద్దు. వేగం తక్కువున్నవాళ్లు, పెద్దవయసు వాళ్లు, మహిళలు 12, ఆపైన ధైర్యంగా తీసుకోవచ్చు. బంతి ఎక్కువసేపు గాల్లో ఉంటుంది కనుక వాళ్లకు దూరం కూడా కలిసొస్తుంది.

రెండోది పొడవు. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కొయ్య రోజుల్లో డ్రైవర్ పొడవు 43 అంగుళాల చిల్లర. ఇప్పుడు దుకాణంలో దొరికేది 45.5, కొన్నిట్లో ఇంకాస్త ఎక్కువ. పొడవు పెరిగితే వేగం పెరుగుతుందని అమ్మకందారుల ఆశ. కానీ కర్ర పొడవయ్యేకొద్దీ మధ్యలో తగిలించడం కష్టం. టూర్ ఆటగాళ్లలో ఎక్కువమంది 45 లేదా అంతకు తక్కువే వాడతారు. రికీ ఫౌలర్ 2017లో ఏకంగా 43.5కు కత్తిరించుకున్నాడు. రోజంతా ఆడేవాళ్లే కురచ కర్ర చాలనుకుంటుంటే, వారానికోసారి ఆడేవాళ్లకు అంత పొడవు దేనికి? నిజం చెప్పాలంటే కొత్త డ్రైవర్ కన్నా అర అంగుళం కోత ఎక్కువ మందికి పనికొస్తుంది. కోసిన తర్వాత తల తేలికైనట్టు అనిపిస్తుంది. సీసం టేపు ముక్క అతికించో, బరువు మర మార్చో సరిచేయడం క్లబ్బులు బాగుచేసేవాళ్లకు తెలిసిన పనే.

ఆ తర్వాత బరువు ఏ పక్కన ఉందన్నది. పేరులో ‘ఎస్‌ఎఫ్‌టీ’ ఉన్న పింగ్‌లు, ‘మ్యాక్స్-డి’ ఉన్న కోబ్రాలు హీల్ వైపు బరువు పెట్టుకుని వస్తాయి. ముఖం త్వరగా మూసుకునేలా చేసి స్లైస్‌ను తగ్గించడం వాటి పని. తగ్గిస్తాయి, మాన్పవు. ‘ఎల్‌ఎస్‌టీ’, ‘ఎల్‌ఎస్’, ‘ట్రిపుల్ డైమండ్’ లాంటి అక్షరాలు కనిపిస్తే అవి తక్కువ స్పిన్ కోసం, వేగం బాగా ఉన్నవాళ్ల కోసం చేసినవని తెలుసుకోవాలి. టీవీలో చూసిన ఆటగాడి చేతిలో అదే ఉందని కొనుక్కుని, ఆనక వాపోయేవాళ్లు ఎక్కువ.

షాఫ్ట్ దిగువన మరతో లాఫ్ట్ మార్చుకునే ఏర్పాటు ఇప్పుడు దాదాపు ప్రతి డ్రైవర్‌కూ ఉంది. ఇందులో కిటుకొకటి. లాఫ్ట్ పెంచితే ముఖం కొంచెం మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. స్లైస్ ఉన్నవాడు 10.5 కొని 9కి తిప్పుకుంటే అన్ని విధాలా చెడతాడు. పైకి తిప్పుకుంటే రెండు మేళ్లు. షాఫ్ట్ గట్టిదనం మీద ఆర్, ఎస్ అంటూ గంటలకొద్దీ చర్చలు నడుస్తుంటాయి గానీ, తిన్నదనం వరకు పొడవూ బరువే ముందు చూడాల్సినవి.

పరీక్షించి కొనడం గురించి ఒక్క మాట. గచ్చిబౌలిలో అయినా, డాలస్‌లో అయినా రాడార్ ముందు నిలబెట్టి బంతులు కొట్టిస్తారు. తెర మీద అన్నిటికన్నా పొడవు పోయిన బంతి అంకె మెరుస్తుంది. అమ్మేవాడూ దాన్నే చూపిస్తాడు. చూడాల్సింది దాన్ని కాదు. పది బంతుల్లో అధ్వానంగా పోయిన మూడింటిని చూడండి. పాత డ్రైవర్ అధ్వానపు మూడు ఎక్కడ పడ్డాయి, కొత్తదానివి ఎక్కడ పడ్డాయి? తప్పు కాసే గుణం కనపడేది ఆ మూడింటిలోనే. గోల్కొండ నయా ఖిలా పక్కన కోర్సులో గానీ, బౌల్డర్ హిల్స్ బండల మధ్య గానీ స్కోరు కార్డును పాడుచేసేవి కూడా అవే. ఇరవై గజాలు ఎక్కువ పోయి రాళ్లలో పడ్డ బంతికి మార్కులెవరూ వేయరు. టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫర్ అదితి అశోక్ నాలుగో స్థానం దాకా వెళ్లింది. దూరం కొట్టడంలో ఆమె ఆ పోటీలో వెనక వరుసలోనే ఉంది. ఆమెను నిలబెట్టింది తిన్నటి ఆట, పటర్.

నకిలీల విషయంలోనూ జాగ్రత్త పడాలి. పేరున్న డ్రైవర్లకు అచ్చుగుద్దినట్టుండే నకిలీలు ఆన్‌లైన్‌లో తిరుగుతున్నాయి. ధర మరీ సగానికి సగం ఉంటే అనుమానించాలి. నిబంధనలకు లోబడిన డ్రైవర్ తలల జాబితాను యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ అందరికీ అందుబాటులో ఉంచుతాయి. క్లబ్ పోటీల్లో ఆడే ఉద్దేశం ఉంటే పాత సరుకు కొనేముందు అందులో పేరు చూసుకోవడం మంచిది.

మొత్తం మీద, బంతి తిన్నగా పోవడమే ముఖ్యమనుకునే మామూలు ఆటగాడికి సరిపోయేది ఇది. ఒకటి రెండేళ్ల కిందటి మ్యాక్స్ రకం, 10.5 నుంచి 12 డిగ్రీల లాఫ్ట్, 45 అంగుళాలకు మించని కర్ర. కొత్తదాని ధరలో మిగిలిన డబ్బు ముఖం దిక్కు సరిచేసే కోచ్‌కు ఇవ్వాలి. ఎందుకంటే ఆ పని క్లబ్ చేయలేదు.

కొనే ముందు చేయాల్సిన పని మరొకటి ఉంది, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. మందుల దుకాణంలో దొరికే పాదాల పౌడర్ స్ప్రే డ్రైవర్ ముఖం మీద తెల్లగా పట్టేలా కొట్టండి. మామూలుగా పట్టుకుని పది బంతులు, గ్రిప్ మీద చేతులు ఓ అంగుళం కిందకి దించి ఇంకో పది కొట్టండి. మధ్యలో ఓసారి తుడిచి మళ్లీ కొట్టడం మరచిపోవద్దు. బంతి గుండ్రటి మచ్చలు రెండోసారి మధ్యకు దగ్గరగా గుమిగూడితే మీకు కావాల్సింది కురచ కర్ర, కొత్త డ్రైవర్ కాదు. మచ్చలు ముఖమంతా చెల్లాచెదురుగా ఉంటే ఎంఓఐ ఎక్కువున్నదానికి డబ్బు పెట్టవచ్చు. రెండుసార్లూ మచ్చలు నడిమధ్యనే ఉండి, బంతులు మాత్రం కుడికే పోతుంటే దుకాణానికి వెళ్లకండి. కోచ్‌కు ఫోన్ చేయండి.